కాదనేవాడి ఖరీదు

మా సార్ బాలనర్సయ్యగారు ఏ కంపెనీకైనా ఆడిట్ ఫీజు చెప్పాలంటే ముందు ఆ కంపెనీ క్యాషియర్ దగ్గరికి వెళ్ళేవారు. లెక్కల పుస్తకాల సంగతి తర్వాత. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, టీ ఇస్తే వద్దని, ఒక్కటే ప్రశ్న వేసేవారు. "మీ ఓనరు వచ్చి, వోచరు లేదు గీచరు లేదు, ఓ యాభై వేలు తియ్యి అంటే నువ్వేం చేస్తవు?" క్యాషియర్ నవ్వేసి, వోచరు లేనిదే మా అయ్యగారికైనా పైసా ఇవ్వనండీ అంటే ఫీజు తక్కువ. నోరు మెదపకుండా ఓనరు గది తలుపు వంక చూశాడా, ఫీజు రెట్టింపు. ఈ లెక్క ఏ సి.ఏ. పుస్తకంలోనూ ఉండదు. పదమూడేళ్ళు ఆయన పక్కన కూర్చుని చూశాను కాబట్టి చెబుతున్నాను, అది ఒక్కసారి కూడా తప్పలేదు.

నా పేరు నాగేశ్వరి. మాది గుడివాడ. మా ఆయన సినిమాల్లో ఎడిటింగ్ అసిస్టెంటు. మద్రాసు నుంచి సినిమావాళ్ళు ఒక్కొక్కరే హైదరాబాదు వస్తుంటే వాళ్ళ వెనకాలే మేమూ వచ్చి, ఎనభై ఆరులో కృష్ణానగర్‌లో ఒంటిగది అద్దెకు దిగాం. నేను టైపు హయ్యర్ ప్యాసయ్యాను. నోరు కూడా కాస్త హయ్యరే అని మా అత్తగారు అనేది. మా వీధి చివర, సినిమా డ్రస్సులు కుట్టే దర్జీ కొట్టు మీద రెండు గదుల్లో బాలనర్సయ్యగారి ఆఫీసు ఉండేది. టైపిస్టు కావాలని బోర్డు చూసి మెట్లెక్కాను.

ఆయనది సిరిసిల్ల దగ్గర ఊరు. వాళ్ళ నాన్న సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు. ఈయన పట్నం వచ్చి సుల్తాన్ బజారులో బట్టల కొట్లో గుమాస్తాగా చేస్తూ, సాయంత్రం కాలేజీలో చదివి, గజనీ మహమ్మదులాగా దండెత్తి దండెత్తి ఐదోసారికి సి.ఏ. ప్యాసయ్యారు. పరమ పిసినారి. వచ్చిన కవర్లను విప్పి, లోపలి వైపు పైకి తిప్పి, మళ్ళీ అంటించి వాడేవారు. మధ్యాహ్నం భోజనం కాగానే కుర్చీలోనే పది నిమిషాలు కునుకు తీసేవారు, ఆ పది నిమిషాలూ కింద దర్జీ మిషన్లు ఆగినా ఆయనకు మెలకువ వచ్చేది. క్లయింటు ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగరు, సీసా సంచిలో తెచ్చుకుంటారు. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. అది నాకూ ఉంది కాబట్టి సరిపోయింది.

చేరిన కొత్తలో, ఇదేం ఫీజు పద్ధతి సార్, కంపెనీ ఎంత పెద్దదైతే అంత తీసుకోవాలి గానీ అని అడిగాను.

"పెద్ద కంపెనీ అయితే పని ఎక్కువ, గది అందరికీ ఎర్కనే," అన్నారు. "కానీ నాగేశ్వరమ్మా, లోపల కాదనేటోడు ఒక్కడు ఉన్నడనుకో, సగం తప్పులు ఆయన కాడనే ఆగుతయ్. లేడనుకో, గా కాదనే పని మన నెత్తిన పడ్తది. నూరు కాయితాలు చూసే కాడ వెయ్యి చూడాలె. అయినా ఏదో ఒకటి కండ్లు గప్పి పోతది. రేపు కంపెనీ మునిగితే దాని ఎనక మన సంతకం గూడ మునుగుతది. గా ఫికర్‌కు గూడ ధర కట్టాలె గద."

ఆ రోజే ఇంకో మాట కూడా చెప్పారు. మనం ఆడిట్ చేసే కంపెనీ షేర్లు ఈ ఆఫీసులో ఎవ్వరూ కొనకూడదు, ఇంట్లోవాళ్ళ చేత కూడా కొనిపించకూడదు. సరే సార్ అన్నాను. అప్పట్లో నా దగ్గర షేర్లు కొనే డబ్బు ఎక్కడిది కనుక.

ఆయన ఫీజు అర్థంకాక తిట్టినవాళ్ళలో మొదటిది అనసూయమ్మ. భర్త పోయాక మరిది రాములును తోడు పెట్టుకుని షూటింగులకు లైట్లు, జనరేటర్ వ్యాన్లు అద్దెకిచ్చే చిన్న కంపెనీ నడిపేది. వాళ్ళ మినిట్స్ పుస్తకం, అంటే బోర్డు మీటింగులో ఎవరేమన్నారో రాసుకునే పుస్తకం, సగం తెలుగులో ఉండేది. "కొత్త జనరేటర్ కొందమని అనసూయమ్మ అన్నది. వద్దు, పాతది రిపేరు చేపిద్దమని రాములు అన్నడు. ఒప్పుకోలే. మళ్ల అన్నడు. ఒప్పుకున్నం." సార్ అది చదివి నవ్వారు. నేను చేరాక ఆయన పళ్ళు చూడడం అదే మొదలు. అంతకుముందు సంవత్సరం ఆరు వేలున్న ఫీజును నాలుగు వేలు చేశారు.

మర్నాడు అనసూయమ్మ ధనధనా మెట్లెక్కి వచ్చింది. "ఏంది సార్, నాది గంత చిన్న కంపెనీ అనుకున్నరా? పక్కోనికి పది వేలు, నాకు నాలుగు వేలా? నలుగుర్ల నా ఇజ్జత్ ఏం గావాలె?"

"నీ మరిది నీకు రెండు వేలు మిగిల్చిండమ్మా," అన్నారు సార్ తల ఎత్తకుండా. "పోయి ఆయనకో అంగి కుట్టియ్యి."

ఆమెను మాత్రం అనుకుని ఏం లాభం. మా సినిమావాళ్ళ పేటలో ఎక్కువ పుచ్చుకున్నవాడే గొప్పవాడు. హీరో పారితోషికం పెరిగిందంటే హీరో పెరిగినట్టే. ఆడిటరైనా అంతే అనుకునేవారు. ఆ అనుకోవడం దగ్గరే తర్వాత కొంప మునిగింది.

తొంభై నాలుగు చివర్లో వీరరాఘవయ్యగారి కంపెనీ మా దగ్గరికి వచ్చింది. ఆయన విజయవాడలో డిస్ట్రిబ్యూటరుగా మొదలై, పది సినిమాలు తీసి, జూబ్లీ హిల్స్‌లో గుట్ట మీద మేడ కట్టినవాడు. చెడ్డవాడని అనను. ఎవరొచ్చినా అన్నం పెట్టకుండా పంపేవాడు కాదు. ఫిల్మ్ నగర్‌లో మూడు షూటింగు ఫ్లోర్లు కడతానని రాఘవచిత్ర స్టూడియోస్ లిమిటెడ్ పెట్టి, జనానికి షేర్లు అమ్మబోతున్నాడు. డైరెక్టర్లు నలుగురు. తనూ, భార్య, అల్లుడు సూర్యప్రకాశరావు, నాలుగో ఆయన సుబ్బరామయ్య సిద్ధాంతి. సిద్ధాంతి ఆయన సినిమాలకు ముహూర్తాలు పెట్టేవాడు.

సార్ మామూలుగానే క్యాషియర్ దగ్గరికి వెళ్ళి ప్రశ్న వేశారు. క్యాషియర్ పేరు వెంకటేశ్వరరావు, పెద్దమనిషి. పాపం, తలుపు వంక రెండుసార్లు చూశాడు. సార్ చైర్మన్ గదిలోకి వెళ్ళి డెబ్బై అయిదు వేలన్నారు. పాత ఆడిటరుకు ఇచ్చింది పదిహేను వేలు. పుస్తకం పట్టుకుని పక్కన కూర్చున్న నాకే పొలమారింది.

వీరరాఘవయ్యగారు మాత్రం పొంగిపోయారు. "శెభాష్. ఇలా ఉండాలండీ మనిషన్నాక. డెబ్బై అయిదేంటి, లక్ష రాసుకోండి."

"డెబ్బై అయిదే సార్," అన్నారు మా సార్. "మీ బోర్డుల మీకు ఎదురుచెప్పే ఇద్దరిని తెచ్చి కూసోపెట్టుండ్రి, ముప్పైకే చేస్త."

అది జోకనుకుని ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. నీ కంపెనీ ప్రమాదమయ్యా అని చెబితే, నువ్వు పెద్ద స్టారువి అన్నట్టు వినిపించింది ఆయనకు. సినిమా ఫంక్షన్లలో, "మా ఆడిటరు పారితోషికం డెబ్బై అయిదు వేలండీ" అని చెప్పుకునేవారట. లెడ్జరులో కూడా 'ఆడిటర్ పారితోషికం' అనే రాయించారు. సార్ దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి 'ఆడిట్ ఫీజు' అని రాశారు. మరుసటి నెల మళ్ళీ పారితోషికమే ఉంది.

షేర్లు పది రూపాయలకు వచ్చాయి. లైట్‌మెన్లు, డ్యాన్సర్లు, మేకప్ వాళ్ళు, కృష్ణానగర్‌లో సగం మంది కొన్నారు. మన ఫ్లోరు, మన స్టూడియో అని మురిసిపోయారు. ఏడాది తిరిగేసరికి షేరు ముప్పై దాటింది. మా పక్క గదిలో ఓదెలు అనే లైట్‌మన్ ఉండేవాడు. "జర నువ్వు గూడ కొనక్కా, డబులైతయ్," అని రోజూ చెవినిల్లు కట్టుకుని పోరేవాడు. యూసుఫ్‌గూడలో గదిన్నర ఇల్లొకటి బేరానికి ఉంది. బయానా కోసం ఎనిమిది వేలు కూడబెట్టాను. ఇంకో ఎనిమిదైతే బేరం కుదురుతుంది. తొంభై అయిదు డిసెంబరులో, పుట్టింటి ఇంటిపేరుతో, సార్‌కు తెలియకుండా, ముప్పై రెండు చొప్పున రెండొందల యాభై షేర్లు కొన్నాను. కక్కుర్తి. ఇంకో పేరు పెట్టను దానికి.

తొంభై ఆరు జూలైలో మా ఆడిట్ మొదలైంది. మినిట్స్ పుస్తకం చూడబోతే పెళ్ళి శుభలేఖలా నీటుగా ఉంది. ఏడాదికి నాలుగు మీటింగులు, నాలుగింటిలోనూ అందరూ హాజరు, అందరూ ఏకగ్రీవం. సార్ ఒక పేజీ దగ్గర ఆగిపోయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నాగేశ్వరమ్మా, పోయిన దీపావళి తెల్లారి పొద్దుగాల నువ్వేం జేసినవ్?"

"గ్రహణం కదండీ సార్. తలుపులు బిగించుకుని కూర్చున్నాం. కృష్ణానగర్‌లో కుక్క కూడా బయటికి రాలేదు."

"మరి వీళ్ళు నలుగురు ఎనిమిదిన్నరకు ఆఫీసుల కూసొని మీటింగు పెట్టిండ్రు. ఇడ్లీ, వడ గూడ తిన్నరు. వోచరుంది."

ఆ పొద్దున్న సూర్యగ్రహణం హైదరాబాదులో పసిపిల్లలకు కూడా గుర్తే. హోటళ్ళు తెరవలేదు, పొయ్యి వెలగలేదు. ఆ మీటింగులో చేసిన తీర్మానం ఏమిటంటే, ఫ్లోర్లు కట్టడానికి అల్లుడుగారి సంస్థకు కోటీ పది లక్షలు అడ్వాన్సు ఇవ్వడం. అదంతా జనం షేర్లకు కట్టిన డబ్బు. మినిట్స్ తర్వాత ఎప్పుడో తాపీగా కూర్చుని రాసినవాళ్ళెవరో క్యాలెండరు చూసి తేదీ వేశారు గానీ పంచాంగం చూడలేదు. ఇంకో నాలుగు కాగితాలు తిప్పితే అదే తేదీతో మరో వోచరు దొరికింది. "గ్రహణము కారణముగా షూటింగు రద్దు, నష్టము రెండు లక్షల నలభై వేలు." కింద వీరరాఘవయ్యగారి సంతకమే.

ఆ మధ్యాహ్నం ఆటోలో ఫిల్మ్ నగర్ వెళ్ళి స్థలం చూశాం. ఒక రేకుల షెడ్డు సగం లేచి ఉంది, నాలుగు స్తంభాలు, శంకుస్థాపన నాడు కొట్టిన కొబ్బరిచిప్పలు. పది లక్షల పని కూడా లేదు.

అక్కణ్ణుంచి సార్ తిన్నగా సిద్ధాంతిగారి ఇంటికి నడిచారు. మీటింగు ఊసే ఎత్తలేదు. "అయ్యగారూ, పోయిన దీపావళి గ్రహణం నాడు నియమాలు ఎట్ల పాటించిన్రు, జర చెప్తరా?" అని వినయంగా అడిగారు. సిద్ధాంతిగారు వికసించిపోయారు. పట్టు స్నానం, విడుపు స్నానం, మధ్యలో జపం, పచ్చి గంగ ముట్టలేదు, గడప దాటలేదు అని పూస గుచ్చినట్టు చెప్పారు. అది రాసి సంతకం పెట్టమన్నారు సార్. అప్పుడు ఆ పెద్దాయనకు అనుమానం తగిలింది. సార్ మినిట్స్ పేజీ నకలు ముందు పెట్టారు. ఆయన దాన్నీ చూశాడు, గోడ మీద పంచాంగాన్నీ చూశాడు. మీటింగుకు వెళ్ళానంటే గ్రహణం పట్టిన వేళ వడ తిన్న సిద్ధాంతి చేత రేపు ఎవడు ముహూర్తం పెట్టించుకుంటాడు? వెళ్ళలేదంటే చైర్మన్‌కు ముప్పు. చాలాసేపు గడ్డం గోక్కుని, చివరికి తన వృత్తినే కాపాడుకున్నాడు. గడప దాటలేదని రాసి సంతకం పెట్టాడు.

ఆ రాత కంపెనీ ఫైల్లో పడగానే సార్ నివేదిక చెప్పడం మొదలుపెట్టారు, నేను టైపు కొడుతున్నాను. ఫలానా తేదీ మీటింగు జరిగినట్టు మాకు ఆధారం లేదు. కోటీ పది లక్షలు ఎందుకు వెళ్ళిందో, తిరిగి వస్తుందో లేదో చెప్పలేం. ఒక్కో మాట పడుతుంటే నా ఎనిమిది వేలు కరిగిపోతున్నట్టు తెలుస్తూనే ఉంది. ఈ కాగితం జనానికి తెలిసిన రోజు షేరు పాతాళానికి పోతుంది, ఇల్లు దానితోపాటే పోతుంది. టైపు ఆపేశాను.

"సార్, ఆ ఒక్క పేరా కాస్త మెత్తగా రాయకూడదా? లేకపోతే తీసేసినా..."

"ఎందుకు?"

మిషన్‌లో సరిగానే ఉన్న కాగితాన్ని మళ్ళీ సర్దాను. ఆయన నన్ను కాసేపు చూసి, "కొట్టు," అన్నారు. కొట్టాను. ఏడుపొచ్చింది, ఆయనకు కనబడకుండా కళ్ళు తుడుచుకున్నాను.

వీరరాఘవయ్యగారు మమ్మల్ని ఇంటికి పిలిపించారు. ముందు భోజనం అన్నారు, సార్ సంచిలోంచి నీళ్ళసీసా తీసుకుని తాగారు. వీరరాఘవయ్యగారు కోపం తెచ్చుకోలేదు, అదీ ఆయన గొప్ప. "బాలనర్సయ్యగారూ, మీరూ నేనూ కష్టపడి పైకొచ్చిన వాళ్ళం. ఆ డబ్బు సినిమాలో పెట్టాను, సినిమా ఆడగానే వెనక్కొస్తుంది. సెప్టెంబరు మీటింగులో రెండో విడత షేర్లు అమ్ముతున్నాం, ఆ డబ్బుతో ఫ్లోర్లు కూడా లేచిపోతాయి. ఈ పేరా ఒక్కటి వద్దు. మీ పారితోషికం రెండు లక్షలు చేద్దాం."

"పారితోషికం అంటే సంతోషపడి ఇచ్చేది సార్," అన్నారు మా సార్. "ఆడిటరు మీద మీరు సంతోషపడ్డరంటే షేర్లు కొన్నోడు ఏడ్వాలె. నాది ఫీజు. మీకు కాదని చెప్పేటోళ్లు ఈ ఇంట్ల ఎవ్వరు లేరనే గంత అడిగిన. ఇగో, గిప్పుడు చెప్తున్న. కాదు."

"మీటింగులో మిమ్మల్ని మళ్ళీ వేసుకోం. మీరు పోతే మీతోపాటు నాలుగు సినిమా కంపెనీలు పోతాయి."

"ఎర్కనే సార్," అని సార్ సంచి భుజాన వేసుకున్నారు. గుట్ట దిగి చెక్‌పోస్టు దాకా ఆటో కోసం నడిచాం. నాలుగు కంపెనీలంటే ఆయన సంపాదనలో సగం. ఆ సంగతి ఆయన బిల్లులు టైపు చేసే నాకు తెలియంది కాదు.

సెప్టెంబరు మీటింగు ఆ సగం లేచిన షెడ్డులోనే పెట్టారు, చుట్టూ షామియానా కట్టి. వచ్చినవాళ్ళందరికీ స్టీలు డబ్బా, పులిహోర పొట్లం. ముందు ఆరు వరుసల్లో జూనియర్ ఆర్టిస్టుల్ని కూర్చోబెట్టారు. మూలన ఒకడు రుమాలు ఊపితే వాళ్ళు చప్పట్లు కొట్టాలి. వాళ్ళ వెనక అసలు జనం. నేను ఓదెలు పక్కన కూర్చున్నాను. ఓదెలు రెండో విడత షేర్ల కోసం ఊళ్ళో అరెకరం అమ్మిన పదిహేను వేలు చొక్కా లోపలి జేబులో పెట్టుకుని వచ్చాడు. దరఖాస్తు కాగితం నింపి చేతిలో పట్టుకున్నాడు.

మా సార్ నివేదిక అచ్చయింది, అబద్ధమెందుకు. పుస్తకం పంతొమ్మిదో పేజీలో, ఇంగ్లీషులో, చీమల్లాంటి అక్షరాల్లో ఉంది. దాన్ని మీటింగులో పైకి చదవాలని చట్టం. వీరరాఘవయ్యగారు మైకులో, "ఆడిటరు గారి నివేదిక మీ అందరి చేతుల్లో ఉంది, చదివినట్టే భావిద్దాం," అన్నారు. రుమాలు ఊగింది. చప్పట్లు మోగాయి. మా సార్ లేచి, చట్టం ప్రకారం చదవాలె సార్ అంటూనే ఉన్నారు, మైకు ఇవ్వలేదు, ఆ చప్పట్లలో ఆయన గొంతు రెండో వరుసకు కూడా చేరలేదు. చైర్మన్ రెండో విడత తీర్మానం అందుకున్నారు.

నేను నోరు మూసుకుని కూర్చుంటే చాలు. షేరు ఆ రోజు ముప్పై నాలుగు. తెల్లారి వెళ్ళి అమ్మేసుకుంటే నా ఎనిమిది వేలూ చేతికొస్తాయి, పైన అయిదొందలు లాభం. ఎవడికీ తెలియదు. పక్కన ఓదెలు కాగితం మడత నలగకుండా మోకాలి మీద సర్దుకుంటున్నాడు. వాడిది అరెకరం. వాడు నన్ను అక్కా అంటాడు. ఛీ, ఎందుకీ బతుకు అనిపించి లేచి నిలబడ్డాను.

"ఏవండీ, నేను చప్పట్లు కొట్టడానికి రాలేదు," అన్నాను. దేవుడిచ్చిన గొంతు, మైకు అక్కర్లేదు. "నాకు రెండొందల యాభై షేర్లున్నాయి. ఆడిటరు గారి నివేదిక చదివించండి."

సార్ తల తిప్పి నన్ను చూశారు. ఆ చూపు ఇప్పటికీ తలచుకోను.

"అమ్మా, మీరు ఆయన టైపిస్టు కదూ?" అన్నారు వీరరాఘవయ్యగారు.

"అవునండీ. టైపు కొట్టింది నేనే. అందులో ఏముందో తెలుసు కాబట్టే చదవమంటున్నాను."

రుమాలు ఊగింది గానీ ఈసారి చప్పట్లు చెదురుమదురుగా పడ్డాయి. ఓదెలు లేచి, "చదవుండ్రి సార్, మేం గూడ వింటం," అన్నాడు. వెనక ఇంకో పదిమంది లేచారు. మైకు దగ్గర నిలబడ్డ సౌండు మనిషికి కూడా యాభై షేర్లున్నాయని తర్వాత తెలిసింది. అతను మైకు తీసుకెళ్ళి మా సార్ చేతిలో పెట్టాడు.

సార్ ఇంగ్లీషు పుస్తకం మూసేసి తెలుగులో చెప్పారు. గ్రహణం పూట మీటింగు, ఇడ్లీ, వడ అనగానే షెడ్డంతా గొల్లుమంది. ఆ పొద్దున్న ఎవరెక్కడున్నారో అందరికీ తెలుసు. కోటీ పది లక్షలు, అల్లుడుగారి సంస్థ, మనం కూర్చున్న ఈ రేకుల షెడ్డు అనేసరికి నవ్వు ఆగిపోయింది. సిద్ధాంతిగారు కండువా సవరించుకుని చల్లగా జారుకున్నారు. ఓదెలు దరఖాస్తు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో, డబ్బు పక్కనే పెట్టుకున్నాడు. రెండో విడతకు చేతులెత్తమంటే చైర్మన్ మనుషులవి తప్ప ఏ చెయ్యీ లేవలేదు. వీరరాఘవయ్యగారు ఆ తీర్మానాన్ని తనే వాయిదా వేసుకున్నారు. ఓదెలు అరెకరం డబ్బు అలా మిగిలింది.

వీరరాఘవయ్యగారు అన్నంత పనీ చేశారు. మా సార్‌ను మళ్ళీ వేసుకోలేదు. దీపావళి లోపలే నాలుగు సినిమా కంపెనీల ఫైళ్ళు వెనక్కి వెళ్ళిపోయాయి. షేరు వారంలో ఆరు రూపాయలకు దిగింది.

మీటింగు మర్నాడు ఆఫీసుకు వెళ్తే సార్ నా టైపు మిషన్ మీద గుడ్డ కప్పి ఉంచారు.

"ఎంతకు కొన్నవ్?"

"ముప్పై రెండు సార్."

"పేరా తియ్యమన్నది గందుకేనా?"

"అవును సార్."

"తప్పు చేసినవ్," అన్నారు. "నాకు గప్పుడే శక్ వచ్చింది. మళ్ల అడగలే. అడిగితే నువ్వు పోతవేమో, గింత మంచి టైపిస్టు దొరకదేమోనని అడగలే. గది నా తప్పు. పోయి అవి అమ్మి వచ్చినంక కుర్చీల కూసో."

అమ్మాను. కొనేవాడు దొరికేసరికి వారం పట్టింది, ఎనిమిది వేలకు పదిహేను వందలొచ్చాయి. గదిన్నర ఇల్లు ఎవరో కొనుక్కున్నారు. సార్ ఏమైనా సర్దుతారేమోనని ఒక పూట ఆశపడ్డాను. ఒక్క రూపాయి ఇవ్వలేదు. పైగా మా ఆఫీసు మనిషికి షేర్లు ఉండేవని కంపెనీకి ఉత్తరం రాయించారు, నా చేతే టైపు చేయించి. మా ఆయన నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఆ వారమే సార్ ఒక పొడుగాటి పుస్తకం కొనుక్కొచ్చారు. డబ్బు పెట్టి కొత్త పుస్తకం కొనడం ఆయన చరిత్రలో లేదు. మొదటి పేజీలో తన చేత్తో రాశారు. "ఈ ఆఫీసుల బాలనర్సయ్యకు కాదని చెప్పే హక్కు నాగేశ్వరికి ఉన్నది." నా ముందు పెట్టి, రెండో వాక్యం నువ్వు రాయమన్నారు. పాత కవర్లు తిప్పి అంటించడం ఇక కుదరదని రాశాను. ఆయన మూడు రోజులు ముఖం మాడ్చుకుని, కవర్లు కొన్నారు.

తర్వాత మూడేళ్ళలో చాలా జరిగింది. అప్పిచ్చిన బ్యాంకు పట్టు పట్టింది, షేర్లున్న జనం పట్టు పట్టారు. అల్లుడుగారు బోర్డులోంచి దిగి, తీసుకున్నదాంట్లో సగానికి పైగా కక్కారు. సిద్ధాంతి స్థానంలో, జనం పట్టుబట్టి, లైట్ల కంపెనీ అనసూయమ్మను డైరెక్టరుగా కూర్చోబెట్టారు. ఆ షెడ్డు మీద కప్పు పడింది, ఒక ఫ్లోరు లేచింది. తొంభై తొమ్మిదిలో ఆ కంపెనీ నుంచే మనిషి వచ్చాడు, ఆడిట్ మళ్ళీ బాలనర్సయ్యగారే చెయ్యాలని.

సార్‌కు మోకాళ్ళ నొప్పులు. క్యాషియర్ దగ్గరికి నన్ను పొమ్మన్నారు. వెళ్ళాను. అదే వెంకటేశ్వరరావుగారు, జుట్టు పూర్తిగా తెల్లబడింది. కుర్చీ లాక్కుని కూర్చుని, టీ వద్దని, సార్ ప్రశ్నే అడిగి వచ్చాను.

ఆఫీసుకు వచ్చేసరికి సార్ ముప్పై వేలని కాగితం మీద రాసి పెట్టుకున్నారు. "గప్పుడే చెప్పిన గద, ఎదురుచెప్పేటోళ్లుంటే ముప్పై అని. మాట మీద ఉండాలె. బిల్లు కొట్టు."

"కాదు సార్. ముప్పై ఎక్కువ."

"ఏంది?"

"క్యాషియర్ నవ్వాడు సార్. అనసూయమ్మగారు ఉండగా వోచరు లేకుండా నన్నెవరడుగుతారండీ అన్నాడు. మొన్న వీరరాఘవయ్యగారే డ్రైవరు బత్తాకు వోచరు రాసి పట్టుకొచ్చారట."

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తలుపు దిక్కు చూడలేదా?"

"ఒక్కసారి కూడా చూడలేదు."

ఆయన ముప్పై కొట్టేసి ఇరవై అయిదు అని రాశారు. నేను పొడుగాటి పుస్తకం తెరిచి, ఆ రోజు తేదీ వేసి రాశాను. "సార్ ముప్పై అన్నారు. నాగేశ్వరి కాదన్నది. ఒప్పుకున్నారు."